నీలం తేలిన చెరువు

గుంటూరు తుమ్ములు

గుంటూరు వచ్చిందని కంటికంటే ముందు ముక్కు చెబుతుంది. మార్చి నెల, మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. స్టేషను బయట కాలు పెట్టగానే మొదలైన తుమ్ములు వెంకటేశ్వర్లు ఇల్లు చేరేదాకా ఆగలేదు.

"అది మీ విజయనగరం ముక్కోయ్. రెండ్రోజుల్లో గట్టిపడుద్ది," అన్నాడు అతను, నా చేతిసంచీ అందుకుంటూ.

మేమిద్దరం ఒకే కళాశాలలో పనిచేసి రిటైరయ్యాం. అతను జంతుశాస్త్రం, నేను వృక్షశాస్త్రం. ఆ వారం మొదట్లో ఫోన్ చేసి, కుశలప్రశ్నలేమీ లేకుండా నేరుగా విషయంలోకి వచ్చాడు.

"అద్దంకి దగ్గర మా బావమరిది కోటయ్య వాళ్ళ ఊళ్ళో మంచినీళ్ళ చెరువు నీలంగా తిరిగింది. పురుగుమందు కలిపాడని దానియేలు అనే కౌలురైతు మీద నెపం వేశారు. ఆదివారం లోగా గుళ్ళో ప్రమాణం చెయ్యకపోతే అతని ఇంటివాళ్ళు చెరువు ముట్టుకోకూడదంట. ఇప్పటికే ముట్టుకోనివ్వటం లేదు. ఊరి పెద్ద కోటయ్యే. నా మాట వింటాడు గానీ, చెప్పడానికి నా దగ్గర మాట ఉండాలిగా? నాకు తెలిసింది కప్పలూ చేపలూ. పాచి నీ శాఖ. రా."

ఇంత త్వరగా నేనెప్పుడూ సంచీ సర్దుకోలేదు. ఎందుకో చెప్పాలి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పాచి గురించి పాఠం చెప్పాను. పుస్తకాల్లో ఉండేవన్నీ చలిదేశాల సరస్సులు. అక్కడ చలికాలంలో నీటి మీద మంచు గడ్డకడుతుంది. వసంతంలో మంచు కరిగి, గాలికి అడుగునీరూ పైనీరూ కలగలిసినప్పుడు డయాటములు ముందు పెరుగుతాయి. గాజులాంటి గుల్లల్లో బతికే సన్నటి జీవులవి. వాటితో నీరు గోధుమరంగు తిరుగుతుంది. వాటిని నీటి ఈగలు, అంటే డాఫ్నియా అనే సన్నటి పురుగులు, తినేశాక కొద్దిరోజులు నీరు అద్దంలా ఉంటుంది. ఆ తర్వాత పచ్చటి నాచుజాతులు వస్తాయి. ఎండలు ముదిరి, పైన వేడినీరు, కింద చల్లనీరు వేరుపడి, గాలి పడిపోయాక అందరికంటే ఆఖరున నీలి ఆకుపచ్చ పాచి దిగుతుంది. దాని ఒంట్లో గాలిబుడగలుంటాయి. వాటి బలంతో పైకి తేలి ఎండంతా తనే తీసుకుంటుంది. మళ్ళీ చలిగాలులు రాగానే చెదిరి అడుగు బురదలోకి దిగి నిద్రపోతుంది.

ఈ వరస అంతా బోర్డు మీద బొమ్మలు వేసి చెప్పినవాణ్ణే గానీ కంటితో చూసినవాణ్ణి కాదు. మంచు ఎరగని మన చెరువుల్లో ఇది ఎలా నడుస్తుందో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

వెంకటేశ్వర్లు ఇంట్లో జిల్లా పటం ముందు వేసుకుని కూర్చున్నప్పుడు నాకు ఒక్కసారిగా తట్టింది. ఈ మైదానంలో చెరువుకి వసంతం అంటే కాలువనీరు. కాలువ వదిలినప్పుడు నింపుకుంటారు, ఆపైన ఎండల్లో అవే నీళ్ళు. గుంటూరు చుట్టుపక్కల చెరువులకి ఈమధ్యే నీళ్ళొచ్చాయి. అద్దంకి వైపు కాలువ చివర చెరువులకి చలికాలంలోనే ఆగిపోయాయి. అంటే ఇక్కణ్ణుంచి అద్దంకి పోవడమంటే ఒకే చెరువు వయసులో ముందుకు పోవడం!

"దారిలో ఒక్కో చెరువు నుంచీ ఒక్కో సీసా పట్టుకెళ్దాం. ఊరివాళ్ళ ముందు వరసగా పెడదాం," అన్నాను, కుర్చీలోంచి లేచిపోయి.

"గంగాజలం యాత్రన్నమాట. కావడి మొయ్యడానికి నేనా?" అన్నాడు వెంకటేశ్వర్లు. అంటూనే వంటింట్లోంచి ఖాళీ ఊరగాయ సీసాలు తెచ్చాడు.

పెదకాకాని: పొంగలి

మర్నాడు పొద్దున్నే పెదకాకాని. శివుడి గుడి ముందు యాత్రికులు పొయ్యిలు పెట్టుకుని పొంగళ్ళు వండుతున్నారు. మా వైపు మొక్కు తీరిస్తే ప్రసాదం గుళ్ళోవాళ్ళు చేతిలో పెడతారు. ఇక్కడ ఎవరి మొక్కు వాళ్ళే వండుకుంటారు, దారినపోయేవాళ్ళకీ పెడతారు. ఎవరో ఏమిటో అడక్కుండా ఒక కుటుంబం మా ఇద్దరికీ ఆకుల్లో వేడివేడి పొంగలి పెట్టింది.

ఊరి బయట రోడ్డు పక్కన ఉన్న చెరువుకి నాలుగు రోజుల కిందటే కాలువనీళ్ళు వచ్చాయట. నీరు పలచటి టీ రంగులో ఉంది. పంచె పైకి కట్టి, సీసా ముంచి ఎండకెత్తి పట్టుకుని చూస్తున్నాను. గట్టు మీద పూలు కడుతున్న ఒకామె అడిగింది.

"ఏం ఎతుకుతున్నారండీ, ఉంగరం పడిందా?"

"లేదమ్మా. శైవలాలు ఉన్నాయేమోనని."

"శైవులా? నీళ్ళల్లో ఎందుకుంటారండీ! గుళ్ళోకి పోండి, అభిషేకం టైముకి కావలసినంతమంది దొరుకుతారు."

వెంకటేశ్వర్లు గట్టు మీద చతికిలబడి నవ్వాడు. "ఇన్నేళ్ళూ నీ క్లాసులో పిల్లలు విభూతి పెట్టుకున్న పాచిని ఊహించుకుని ఉంటారోయ్!"

ఆ పూట నుంచీ నేను పాచి అనే అంటున్నాను. మొదటి సీసాకి టీ రంగు దక్కింది. పుస్తకంలో మంచు కరిగిన తర్వాతి రంగు కూడా అదే. కొంత ఒండ్రుమట్టే అయి ఉండొచ్చు. అయినా నా సంతోషానికి అది అడ్డు రాలేదు.

పొన్నూరు: కడిగేసిన సీసా

పొన్నూరు దారంతా వరికోసిన మాగాణులు, వాటిలో మినుము. రోడ్డు మీద ధాన్యం బస్తాల లారీలు. ఊరవతలి చెరువుకి నీళ్ళొచ్చి కొన్ని వారాలైంది. గట్టు మీంచి చూస్తే అడుగున గడ్డిపరకలు కనిపించాయి. సీసా ముంచి చూద్దును కదా, లోపల ఆవగింజలో సగమైనా లేని నీటి ఈగలు గెంతుతున్నాయి! మట్టి పేరుకుంది, ముందు పెరిగినవాటిని ఇవి మేసేశాయి, నీరు తేరుకుంది. చలిదేశపు సరస్సులో వేసవికి ముందు వచ్చే ఆ కొద్దిరోజుల తేటదనం పొన్నూరులో నా చేతిలో ఉంది.

"వెంకటేశ్వర్లూ! నీ శాఖ కూడా వచ్చిందోయ్!" అని కేకపెట్టాను. రోడ్డు మీద సైకిలాయన దిగి నిలబడ్డాడు.

భోజనానికి హోటల్లో కూర్చున్నాం. పదిహేను రూపాయలకి ఎంతైనా అన్నం. గోంగూర పచ్చడి మొదటి ముద్దకే నా చెవులు మూసుకుపోయాయి. మా వైపు పులుసులోనూ చిన్న బెల్లంముక్క పడుతుంది. ఇక్కడ బెల్లం అడిగితే వడ్డించే ఆయన జాలిగా చూసి, "ఒంట్లో బాలేదాండీ?" అన్నాడు. మేం చేతులు కడుక్కుని వచ్చేసరికి బల్ల మీది సీసా తళతళలాడుతోంది.

"అందులో పురుగులున్నాయండీ. శుభ్రంగా కడిగి మంచినీళ్ళు పోశా," అన్నాడాయన, మెప్పుకోసం చూస్తూ.

మెచ్చుకోక ఏం చేస్తాం? మళ్ళీ చెరువుదాకా నడిచాం.

పర్చూరు బస్సు

చీరాలలో రాత్రి ఆగి, శనివారం పొద్దున పర్చూరు మీదుగా అద్దంకి బస్సెక్కాం. నల్లరేగడి మొదలైంది. తీసేసిన పత్తిచేలల్లో మోళ్ళు, పొగాకు పందిళ్ళు, కల్లాల్లో ఆరబోసిన ఎండుమిరప. ఎండలో ఆ ఎరుపు చూస్తుంటే కళ్ళు చెమర్చాయి. అందం వల్లో ఘాటు వల్లో చెప్పలేను.

దారిలో ఒక ఊళ్ళో బస్సు టైరు మార్చడానికి ఆగితే పక్కనున్న చెరువులో మూడో సీసా ముంచాను. పెసరపిండి కలిపినంత పచ్చగా ఉంది. మళ్ళీ ఎక్కుతుంటే కండక్టరు ఆపాడు.

"ఏందండీ అది, కషాయమా?"

"చెరువు నీళ్ళు."

"మా ఊళ్ళో దొరకవని మోసుకెళ్తన్నారా?"

బస్సంతా నవ్వింది. ముందు సీట్లో తలపాగా ఆయన మాత్రం వెనక్కి తిరిగి గంభీరంగా అన్నాడు. "కొంపదీసి ఆ నీలం చెరువు నీళ్ళా? ముట్టుకోమాకండి. డ్రమ్ము మందు కుమ్మరించాడంట."

"ఎవరు చూశారు?" అన్నాడు వెంకటేశ్వర్లు.

"చూసేదేందయ్యా! ప్రమాణం చెయ్యనన్నాడంటేనే తెలవట్లా?"

మందు అంటే మా వైపు ముందు డాక్టరు గుర్తొస్తాడు. ఇక్కడ ముందు పురుగు గుర్తొస్తుంది. అప్పటిదాకా నా ధ్యాసంతా సీసాల మీదే ఉంది. ఆయన మాట విన్నాక, రేపే ఆదివారమని గుర్తొచ్చింది.

నీలం

ఊరి పేరు రాయను. ఇది మా ఊరు కాదులే అని ఎవరికి వారు అనుకుంటే చాలు.

కోటయ్యగారు చెరువు గట్టు మీదే ఎదురుపడ్డారు. తెల్లటి మీసం, దూరం నుంచే వినిపించే గొంతు. "రా బావా! ఈయనేనా పాచి మాష్టారు? చూడండి మా ఖర్మ."

చూశాను. గాలివాటుకి కొట్టుకొచ్చి, తూము దగ్గర మూలంతా గోడలకేసే రంగు ఒలికినట్టుంది. అంచుల్లో ఆకుపచ్చ, మధ్యలో నీలం కలిసిన మీగడ. బోర్డు మీద ఎన్నిసార్లో సుద్దముక్కతో రాసిన మాట ఇక్కడ చెరువంతా పరుచుకుని ఉంది. "వచ్చేసింది! ఇదే!" అని పైకే అనేశాను.

బిందెతో అటు వస్తున్న ఒకామె ఆగి నావంక చూసింది. ఊరి మంచినీళ్ళు పాడైపోతే సంబరపడే మనిషిని ఆమె అంతకుముందు చూసి ఉండదు.

కోటయ్యగారు మెట్టురాయి చూపించారు. నీటిగీత పైన రాయి మీద చిక్కటి నీలం ఎండి అంటుకుని ఉంది. "పాచైతే పచ్చగానో నల్లగానో ఎండాలిగా? ఇది మందు రంగు. ఇక్కడే దానియేలు స్ప్రేయరు భుజానేసుకుని పోతుంటే చూసినోళ్ళున్నారు. వాడు మా అందరి చేలకీ మందు కొట్టేవాడే. కడిగితే కడిగానని చెప్పొచ్చుగా? లేదంటే తడిబట్టలతో వచ్చి దేవుడి ముందు కాదని చెప్పొచ్చుగా?"

పత్తీ మిరపా పండించేవాళ్ళకి నీలం కనిపిస్తే మందే గుర్తొస్తుంది. ఆ పాచి ఒంట్లోనే ఒక నీలిరంగు ఉంటుందనీ, అది చచ్చినప్పుడు పచ్చదనం ముందు పోయి నీలం బయటికి కారుతుందనీ చెప్పాను. ఆయన మర్యాదగా విన్నారు. నమ్మలేదు.

అవతలి గట్టున, అక్కడ రంగు లేదు గదా అని, ఆడవాళ్ళు బట్టతో వడగట్టి నీళ్ళు పట్టుకుంటున్నారు. ఇటు తూము దగ్గర, చెరువులోకి నీళ్ళొచ్చే పిల్లకాలువ నోట్లో నిలిచిన నీళ్ళలో ఇద్దరు సంచులు జాడిస్తున్నారు. గట్టు పొడుగునా తెల్లటి సంచులు ఆరుతున్నాయి.

"ఏం సంచులమ్మా?"

"ఎరువు సంచులండీ. ఉతికి పట్టాలు కుట్టుకుంటాం, కాయ ఆరబోసుకోడానికి."

మిరప కోతలప్పుడు ప్రతి ఇంటివాళ్ళూ చేసే పనేనట.

దానియేలు వాకిట్లో

సాయంత్రం దానియేలు ఇంటికి వెళ్ళాం. స్ప్రేయరు మోటారు విప్పి తుడుచుకుంటున్నాడు. నలభై దాటిన మనిషి, తక్కువ మాట. భార్య సువార్తమ్మ మజ్జిగ తెచ్చి ఇవ్వబోతూ ఆగింది. "బోరు నీళ్ళతో చేసిందండీ, ఉప్పగా ఉంటది. చెరువు మాకు లేదుగా."

నిజంగానే ఉప్పగా ఉంది. తాగాం.

"స్ప్రేయరు ఎక్కడ కడిగావయ్యా?" అన్నాడు వెంకటేశ్వర్లు.

"చేలో బోరు దగ్గర సార్. గట్టు మీదుగా నడిచొచ్చా, అంతే."

"ఆ మాటే ప్రమాణం చేసి చెబితే పోద్దిగా?"

"ఏ గుడని కాదు సార్. మా చర్చిలో చెయ్యమన్నా చెయ్యను. ఒట్టు పెట్టుకోకూడదు మాకు. కాదన్నాను. కాదంటే కాదే. దాని మీద ఇంకో మాట ఏస్తే మొదటి మాట అబద్ధమైనట్టేగా?"

మా వైపు అమ్మతోడు, దేవుడితోడు అనకుండా కూరగాయల బేరం కూడా తెగదు. ఒట్టు వెయ్యకపోవడమే నిజాయితీ అనుకునే మనిషి, ఒట్టు వెయ్యకపోవడమే నేరం అనుకునే ఊరు. రెండూ ఒకే చెరువు నీళ్ళు తాగి పెరిగాయి.

"ఈయన మాట ఈయనకుంది," అంది సువార్తమ్మ. "బిందె మోసేది నేను. ఉప్పునీళ్ళల్లో పప్పు ఉడకట్లా."

"సువార్తా!"

"నేనేమన్నా ఒట్టెయ్యమన్నానా? పప్పు ఉడకట్లా అన్నా."

బిరడా మీద దెబ్బ

ఆదివారం పొద్దున్నే ఊరు గట్టు మీద చేరింది. దానియేలు దంపతులు కాస్త ఎడంగా నిలబడ్డారు. నులకమంచం మీద సీసాలు వరసగా పెట్టాను. పెదకాకాని గోధుమ, పొన్నూరు తేట, బస్సు ఆగిన ఊరి పచ్చ, చివరిది ఈ చెరువు నీలం. "ఇవి నాలుగు చెరువులు కావు, ఒకే చెరువు నాలుగు వయసులు," అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. రాత్రి కలిపి పెట్టిన నాలుగో సీసాలో పాచంతా పైకి చేరి మీగడ కట్టింది. "చూశారా, ప్రాణమున్నది గనక తేలింది."

"నూనె మందు కూడా తేలుద్దిగా?" అన్నాడు గుంపులోంచి ఒకాయన.

మంచి ప్రశ్న. దానికి జవాబు నాకు తెలుసు. క్లాసులో ఏటా చెప్పేవాణ్ణి, సీసా పగులుతుందని ఎన్నడూ చేసి చూపించలేదు. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గర రబ్బరు బిరడాలున్న దళసరి సెలైన్ సీసాలు తెప్పించాను. ఆ చెరువు నీళ్ళతోనే రెండు అంచుదాకా నింపాను. "ఇప్పుడు బిరడా మీద సుత్తితో కొడతాను. ఆ ఒత్తిడికి పాచి ఒంట్లో గాలిబుడగలు చితికిపోతాయి. బుడగ పోతే మునిగిపోతుంది. మందుకి బుడగలుండవు. కొట్టినా కొట్టకపోయినా ఒకటే."

కొట్టాను. సీసా అడుగు ఊడి, నీళ్ళన్నీ కోటయ్యగారి పంచె మీద పడ్డాయి.

"తడిబట్టలు పెద్దాయనకే అయినాయిరోయ్!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. దానియేలు కూడా తల దించుకుని నవ్వు ఆపుకున్నాడు.

"ఇటియ్యండి మాష్టారూ," అని కోటయ్యగారు సుత్తి లాక్కున్నారు. "సుద్దముక్క పట్టిన చెయ్యికి దెబ్బేం తెలుసుద్ది?" ఇంకో సీసా నింపించి, తడిగోనె చుట్టించి, బిరడా మీద ఒక్కటి వేశారు. గోనె విప్పాం. ఆ క్షణం గురించి ఎన్నిసార్లు రాసినా తనివి తీరదు. దెబ్బకి ముందు పాలు కలిపినట్టు మసకగా ఉన్న నీరు ఒక్కసారిగా ముదురు రంగు తిరిగి, అవతలి మనిషి మొహం కనిపించేంత తేటగా అయింది. పక్కన కొట్టని సీసా అలాగే మసకగా ఉంది. రెండూ మంచం మీద పెట్టి టీలు తాగాం. టీలయ్యాక ఇంకా చాలాసేపు కూర్చున్నాం. కొట్టిన సీసాలో పాచి మెల్లగా అడుక్కి దిగింది. కొట్టనిదాంట్లో పైన తేలింది.

కోటయ్యగారు రెండు సీసాలూ మార్చి మార్చి చూశారు. "కొట్టింది నేనేగా," అన్నారు, తనలో తనే.

వెంటనే ఇంకో ప్రశ్న లేచింది. "అయితే దీనికేం మందు కొట్టాలి? మైలుతుత్తం ఏద్దామా?"

"వద్దు!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఈ జాతిలో కొన్నిటికి ఒంట్లో విషం ఉంటుంది. ఇది అలాంటిదో కాదో కంటితో చెప్పలేను. ఒక్కసారిగా చంపితే లోపల ఉన్నదంతా నీళ్ళలోకి వస్తుంది. కాచినా పోదు, బట్టతో వడగట్టినా పోదు. మళ్ళీ కొత్తనీళ్ళు వచ్చి, పరీక్ష చేయించేదాకా ఈ నీళ్ళు తాగకండి. గొడ్లని కూడా దింపకండి."

"అసలెట్టా వచ్చింది మరి?"

గట్టు మీది సంచుల వైపు చూపించాను. "ఆ ఎరువు పత్తికెంత బలమో పాచికీ అంతే బలం. ఎండా, గాలి లేకపోవడమూ, నీళ్ళు తగ్గడమూ కలిశాయి. అన్నీ సంచుల వల్లేనని అనను. కానీ ఏటా ఇక్కడ ఉతికితే ఏటా వస్తుంది."

కోటయ్యగారి కోడలు మెల్లగా అంది. "మామయ్యా, నిన్న ఉతికింది మన సంచులే."

"ఒక్కడు చేశాడనుకున్నప్పుడే నయం," అని తలపాగా సర్దుకుంటూ ఒక ముసలాయన నిట్టూర్చాడు. "ఆణ్ణి ఆపితే చెరువు బాగుపడుద్దిలే అనుకున్నాం."

బిందెల వరస

చర్చి గంట మోగితే దానియేలు, సువార్తమ్మ వెళ్ళిపోయారు. ప్రమాణం మాట ఎవరూ ఎత్తలేదు. తప్పయిందని కూడా ఎవరూ అనలేదు. సంచులు మాత్రం గట్టు మీంచి మాయమయ్యాయి. కోటయ్యగారు అద్దంకికి మనిషిని పంపి నీళ్ళ ట్రాక్టరు తెప్పించారు.

మధ్యాహ్నం ట్రాక్టరు వచ్చేసరికి చర్చి అయిపోయి అందరూ తిరిగొస్తున్నారు. అప్పటికే బిందెలు పొడుగ్గా వరస కట్టి ఉన్నాయి. కోటయ్యగారు ట్రాక్టరు పక్కన నిలబడి గొంతెత్తారు.

"ఒరేయ్ దానియేలూ! ఏరా, అక్కడే నిలబడ్డావేంది? మీ ఆవిడ బిందె తెమ్మను. ముందు దానికే పడతారు."

దానియేలు కదల్లేదు. వెంకటేశ్వర్లు నా చెవిలో అన్నాడు. "ఈ వారమంతా కోటయ్య అతన్ని నేరుగా పేరు పెట్టి పిలవలేదటోయ్."

సువార్తమ్మ ఇంట్లోకి వెళ్ళి బిందె తెచ్చింది. ముందున్న ఆమె తన బిందె వెనక్కి జరిపి చోటు చేసింది. సువార్తమ్మ ఆ చోటు దాటుకుని వరస వెంట నడిచింది.

"అక్కడికెక్కడికి పోతున్నావమ్మా? మొదట పెట్టమన్నాగా!" అన్నారు కోటయ్యగారు.

"మొదట పెడితే మళ్ళీ నాదొక్కటే యేరుగా ఉంటదిగా పెద్దాయనా," అంది సువార్తమ్మ.

వరస చివర, ఎవరిదో సొట్టపడిన బిందెకి ఆనించి తన బిందె దించింది. ఆ వెనకే ఇంకెవరో వచ్చి, దాని వెనక మరో బిందె పెట్టారు.